స్నానాల గది బండల మీద మొండి మరకలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఎండలు ముదిరి బోరు నీళ్లు అడుగంటే రోజుల్లో ఈ శీర్షికకు బండల మరకల గురించి ఉత్తరాలు ఎక్కువగా వస్తాయి. ఈసారి వచ్చిన వాటిలో ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఐదింటికి జవాబు ఇస్తున్నాను. మొదటి జవాబు కాస్త పొడవుగా ఉంటుంది. మిగిలిన నాలుగింటికీ అదే ఆధారం కాబట్టి ముందుగా దానిని చదవమని కోరుతున్నాను.

ప్రశ్న: మాది నంద్యాల జిల్లా. తొమ్మిదేళ్ల కిందట ఇల్లు కట్టుకున్నప్పుడు స్నానాల గదిలో నేలకూ, నడుమెత్తు వరకు గోడలకూ పాలిష్ పట్టిన బేతంచెర్ల బండలు వేయించాము. వాడేది బోరు నీళ్లే. కుళాయి కిందా, బకెట్ పెట్టే చోటా తెల్లని పొర పెచ్చు కట్టింది. అది సబ్బు పొడికీ పీచుకూ లొంగలేదు. కడగడానికి వచ్చిన మనిషి బజారులో సీసాల్లో అమ్మే బాత్రూమ్ యాసిడ్ తెచ్చి పోశాడు. బుసబుసమని నురగ వచ్చి పొర పోయింది. ఆ పూట నేను ఎంతో సంతోషించాను. బండ ఆరిన తరువాత చూస్తే మెరుపు పోయి పాలిపోయినట్లు తేలింది, అరికాలికి గరుకుగా తగులుతోంది. పైగా ఇప్పుడు మునుపటికంటే త్వరగా తెల్లపొర పడుతోంది. ఇంకోసారి యాసిడ్ పోస్తే సరిపోతుందని ఆ మనిషి అంటున్నాడు. పోయించమంటారా? – ఒక గృహిణి

జవాబు: వద్దమ్మా, ఇక ఒక్క చుక్క కూడా పోయనివ్వకండి. మీరు చూసిన నురగలో సగం తెల్లపొరదైతే మిగతా సగం మీ బండది. బేతంచెర్ల బండ, కడప నల్లబండ, తాండూరు బండ, పొరుగున కర్ణాటక నుంచి వచ్చే షాబాదు బండ, వీటన్నిటినీ మనం నాపరాళ్లంటాము. ఇవన్నీ సున్నపురాయి జాతివే. మీ జిల్లాలోనూ కడప జిల్లాలోనూ సిమెంటు కర్మాగారాలు వెలిసింది ఈ సున్నపురాయి నిక్షేపాల కోసమే. రాయిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. మీ బోరు నీళ్లు నేలలోని సున్నపు పొరల గుండా దిగుతూ అదే పదార్థాన్ని కరిగించుకుని పైకి వస్తాయి. నేల మీద పడి ఆరినప్పుడు నీరు ఆవిరవుతుంది, కరిగివచ్చిన కాల్షియం కార్బొనేట్ తిరిగి రాయిలా గట్టిపడుతుంది. అంటే మీ బండ మీద పేరుకున్నది మురికి కాదు, పలచని మరో రాతిపొర. బాత్రూమ్ యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది కాల్షియం కార్బొనేట్ ఎక్కడ తగిలితే అక్కడ దానిని కరిగించి బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. పై పొరను తిని, కింది బండ దగ్గర ఆగిపోయే తెలివి దానికి లేదు.

ఆ పొర ఎంత వేగంగా పేరుకుంటుందో చెప్పడానికి ఒక లెక్క ఇస్తాను. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించిన ఐ.ఎస్. 10500 ప్రకారం నీటి కఠినత్వం, అంటే నీటిలో కరిగి ఉన్న సున్నం వంటి ఖనిజాల పాలు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీటి వసతి లేని చోట 600 వరకు సర్దుకోవచ్చు. 600 ఉన్న నీళ్లు ఒక లీటరు మీ నేల మీదనే ఆరిపోయాయనుకుంటే దాదాపు అర గ్రాము సున్నపు పొర అక్కడ మిగిలిపోగలదు. రోజూ కుళాయి కింద నిలిచి ఆరే నీటిని తొమ్మిదేళ్లకు లెక్క కడితే ఆ పెచ్చు ఎలా వచ్చిందో మీకే తెలుస్తుంది.

యాసిడ్ పోసిన తరువాత పొర మరింత త్వరగా పట్టడానికీ కారణం ఉంది. పాలిష్ పట్టిన బండ పైముఖం నున్నగా, సందులు మూసుకుపోయి ఉంటుంది. యాసిడ్ ఆ ముఖాన్ని కొరికి కంటికి కనపడని గుంతలు చేస్తుంది. నీళ్లు ఆ గుంతల్లో నిలిచి, అక్కడే ఆరి, అక్కడే గడ్డకడతాయి. బండల మధ్య సందుల్లో నింపిన సిమెంటును కూడా యాసిడ్ తినేస్తుంది. ఏటా రెండుమూడుసార్లు యాసిడ్ పోసి కడిగిన గదుల్లో సందులు ఖాళీ అయి, బండ కిందికి నీరు దిగి, కింది గది కప్పుకు చెమ్మ పట్టడం నేను ఎన్నో ఇళ్లలో చూశాను. అక్కడ పాడయ్యేది మరక దగ్గరి బండ ఒక్కటే కాదు.

ఇప్పుడు చేయవలసిన పని చెబుతాను. మొదట ఒక బకెట్ నీళ్లలో గుప్పెడు వంట సోడా కలిపి నేలంతా పోసి, పది నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో బాగా కడిగించండి. సందుల్లో యాసిడ్ ఏమైనా మిగిలి ఉంటే అది విరిగిపోతుంది. తరువాత తెల్లపొర ఉన్న చోట వేడినీళ్లలో చాకలి సోడా కరిగించి, గుడ్డను అందులో తడిపి, అరగంట పరచి ఉంచండి. చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి. గుడ్డ తీసి వేలితో గట్టిగా రుద్ది చూడండి. వేలికి జిడ్డుగా, మెత్తని తెల్లటి ముద్దగా అంటుకుంటే అది సబ్బు పొర. బోరు నీటిలోని సున్నంతో సబ్బు కలిసి విరిగినప్పుడు ఏర్పడే జిడ్డు అది, చాకలి సోడాకు లొంగుతుంది. చాలా ఇళ్లలో మొండి మరక అనుకున్న దానిలో పెద్ద భాగం ఇదే. అది పోగా వేలికి అంటకుండా గోరు గీకితే గరగరమనేదే అసలు సున్నపు పొర. దానిని తడిపి ప్లాస్టిక్ గరిటెలాంటి దానితో చదునుగా గీకండి. ఇనుప బ్లేడు వాడకండి, ఇనుము కంటే సున్నపురాయి మెత్తన కాబట్టి గీతలు పడతాయి.

దానికీ పోనిదీ, ఇప్పటికే యాసిడ్ కొరికిన మచ్చలూ ఏ మందుతోనూ పోవు. మచ్చ రాతి మీద లేదు, రాతి ముఖమే అరిగింది. దానిని మళ్లీ నునుపు చేయడమే మార్గం. జానెడు చోటైతే మీరే చేసుకోవచ్చు. రంగులు వేసేవారి దుకాణంలో దొరికే వాటర్ పేపరును, అంటే తడిపి రుద్దే గరుకు కాగితాన్ని, 220 నంబరుతో మొదలుపెట్టి 400, 800, 1500 వరకు వరుసగా, నీళ్లు చల్లుతూ, గుండ్రంగా తిప్పుతూ రుద్దాలి. బూడిదరంగు పాలలాంటి నీరు వస్తుంది. అది రావడం ఆగేవరకు ఒక నంబరు, ఆ తరువాత బాగా కడిగి పై నంబరు. తొందరపడి ఒక నంబరు దాటేస్తే దాని గీతలు చివరి వరకు కనబడతాయి. మచ్చ ఉన్నంతవరకే రుద్దితే అక్కడ పళ్లెంలా పల్లం పడుతుంది కాబట్టి చుట్టూ జానెడు దూరం కలుపుకుని రుద్దండి. గదంతా పాడైతే మార్బుల్ పాలిష్ చేసే మనిషిని మిషన్‌తో పిలిపించడమే మేలు. పిలిచేటప్పుడు చివరిలో మెరుపు కోసం యాసిడ్ పొడి వాడితే పూర్తిగా కడిగి వెళ్లమని ముందే చెప్పండి.

ఇంకొక్క మాట చెప్పకుండా ఈ జవాబు ముగించలేను. యాసిడ్ పోసిన నేల మీద బ్లీచింగ్ పొడి గానీ, బ్లీచింగ్ ద్రవం గానీ వేస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ప్రాణం మీదికి కూడా తెస్తుంది. కడిగే మనిషి ఒకటి పని చేయకపోతే రెండోది పోయడం మన ఇళ్లలో మామూలు. దయచేసి ఆ మనిషికి కూడా ఈ సంగతి చెప్పండి, ఆ గాలి మొదట పీల్చేది అతనే.

ప్రశ్న: హైదరాబాదులో మా అపార్ట్‌మెంట్ స్నానాల గదిలో రాజస్థాన్ నుంచి తెప్పించిన తెల్లని పాలరాయి ఉంది. మా అమ్మాయిని పెళ్లికూతురిని చేసిన రోజున నలుగు పెట్టి మంగళస్నానం చేయించినప్పుడు పసుపునీళ్లు నిలిచిపోయి పెద్ద పచ్చని మరక పడింది. సబ్బుతో తోమితే పచ్చదనం పోకపోగా ఎర్రబడింది. నిమ్మచెక్కతో రుద్దమని బంధువులు చెబుతున్నారు. – పెళ్లికూతురి తల్లి

జవాబు: ఎర్రబడినందుకు కంగారు పడవద్దు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రనవుతుంది కదా, ఇదీ అదే. సబ్బులోని క్షారం తగిలి పసుపు రంగు మారింది, నీళ్లతో బాగా కడిగితే మళ్లీ పచ్చగా కనిపిస్తుంది. నిమ్మచెక్క మాత్రం పొరపాటున కూడా తగలనివ్వకండి. పాలరాయి కూడా సున్నపు జాతిదే, నిమ్మరసం పసుపు మరకను తీయదు సరికదా, దాని చుట్టూ మెరుపు పోయిన మచ్చను అదనంగా మిగులుస్తుంది.

పసుపు రాతి మీద లేదు, రాతి లోపలికి ఇంకింది. తోమడం వల్ల అది పైకి రాదు, పట్టు వేసి లోపలి నుంచి లాగాలి. కాలు బెణికితే పట్టు వేస్తాము కదా, రాతికీ అలాగే వేయాలి. మందుల దుకాణంలో పుండ్లు కడగడానికి అమ్మే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ తెచ్చి, వంట సోడాలో కొద్దికొద్దిగా పోస్తూ గారెల పిండి అంత గట్టిగా కలపండి. జారిపోయేలా ఉంటే మరకను ఇంకా విస్తరింపజేస్తుంది. ముందుగా మరక ఉన్న చోటును మంచినీళ్లతో కొంచెం తడపండి. మరక అంచుల కంటే అరంగుళం బయటికి వచ్చేలా, పావు అంగుళం మందాన ఆ ముద్దను పరచి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, అంచులకు టేపు అంటించి ఒక రోజంతా వదిలేయండి. మరునాడు ప్లాస్టిక్ తీసివేసి, ముద్దను మాత్రం అలాగే ఉంచి పూర్తిగా ఎండనివ్వండి. అసలు పని జరిగేది ఈ ఎండే సమయంలోనే. పెరాక్సైడ్ రంగును విరిచేస్తుంది, ముద్ద ఎండుతూ రాతిలోని తేమను తనలోకి పీల్చుకుంటూ ఆ మురికిని వెంట తెచ్చుకుంటుంది. తడిగా ఉండగానే తీసివేస్తే సగం శ్రమ వృథా. ఎండి పెచ్చులుగా లేచాక చెక్కముక్కతో తీసి, తుడిచి చూడండి. మరక తగ్గినా పూర్తిగా పోకపోతే మరోసారి వేయండి, రెండు మూడు పట్లు పడటం మామూలే.

పసుపు రంగు వెలుతురుకు కూడా విరుగుతుంది. మీ గదికి కిటికీ ఉండి ఎండ పడుతుంటే మిగిలిపోయిన లేత ఛాయ కొన్ని వారాల్లో దానంతట అదే పలచబడుతుంది. గోరింటాకు, జుట్టుకు వేసే రంగు మాత్రం ఇంత తేలికగా వదలవు. ఇదే పట్టు పదేపదే వేసినా లేత నీడ ఉండిపోవచ్చు.

ప్రశ్న: మా స్నానాల గది తెల్ల పాలరాతి మీద ఇనుప స్టూలు కాళ్ల అచ్చులు తుప్పు రంగులో పడ్డాయి. అది కాక గోడ కింది వరుసలో అక్కడక్కడ రాయి మొత్తం పసుపు పచ్చగా మారుతోంది. రెంటికీ ఒకే మందు వాడవచ్చా? – విజయవాడ పాఠకుడు

జవాబు: రెండూ వేరు. స్టూలు కాళ్ల తుప్పు బయటి నుంచి వచ్చినది, కాబట్టి తీయవచ్చు. మా ఇంట్లో షేవింగ్ నురగ డబ్బా అడుగు అచ్చు ఇలాగే గుండ్రంగా పడింది. తుప్పు వదిలించే మందు అని దుకాణంలో చెప్పిన ద్రవాన్ని తొందరపడి పోసినప్పుడు తుప్పు పోయింది గానీ, అదే గుండ్రంలో పాలిష్ కూడా పోయింది. ఆ గుండ్రం ఇప్పటికీ ఉంది. తుప్పు మందుల్లో చాలా వరకు గట్టి ఆమ్లాలే. వాటిలో కొన్నింటిలో ఉండే ఫ్లోరైడు జాతి ఆమ్లం గ్రానైటును కూడా వదలదు, చర్మానికి తగిలితే లోతుగా కాలుస్తుంది. సీసా మీద ఏముందో చదవకుండా కొనకండి.

పాలరాతికి పాతకాలం నుంచి వాడుకలో ఉన్న పద్ధతి వేరు. సోడియం సిట్రేట్ ఒక పాలు, గోరువెచ్చని నీళ్లు ఆరు పాళ్లు కలిపి కరిగించి, ఆ ద్రవానికి సమానంగా గ్లిజరిన్ పోసి, సుద్దపొడితో ముద్ద చేసి పట్టు వేస్తారు. సోడియం సిట్రేట్ నిమ్మ ఉప్పు కాదు, ఆ రెంటినీ కలగలపవద్దు. నిమ్మ ఉప్పు ఆమ్లం, ఇది దాని లవణం. ఇది ఇనుమును పట్టుకుని కరిగిస్తుంది, రాతిని కొరకడం చాలా తక్కువ. అయినా ఎక్కువ రోజులు ఉంచితే మెరుపు కొంత తగ్గుతుంది కాబట్టి మొదట కంటికి కనబడని చోట, తలుపు వెనుక మూలలో వేసి చూడండి. పట్టు ఎండిపోకుండా కప్పి రెండు మూడు రోజులు ఉంచి, తరువాత ఎండనిచ్చి తీయండి. బ్లీచింగ్ మాత్రం తుప్పుకు పనికిరాదు, మరకను ఇంకా స్థిరపరుస్తుంది.

రెండవది నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. కొన్ని తెల్ల పాలరాళ్లలో సహజంగానే ఇనుము సన్నని రేణువులుగా ఉంటుంది. గోడ వెనుక నుంచి గానీ, కింది నుంచి గానీ నీరు నిరంతరం రాతిలోకి ఎక్కుతుంటే ఆ ఇనుము లోపలే తుప్పుపట్టి రాయంతా పచ్చబడుతుంది. పైన ఏమి పూసినా ఇది పోదు. గోడలో పైపు కారుతోందేమో, సందులు తెరుచుకున్నాయేమో ప్లంబరుకు చూపించండి. నీరు ఆగితే పచ్చదనం పెరగడమైనా ఆగుతుంది. ఇప్పటికే వచ్చినది పోతుందని ఎవరైనా హామీ ఇస్తే డబ్బు ఇవ్వకండి.

ప్రశ్న: మాది ఒంగోలు. స్నానాల గదిలో చీమకుర్తి నల్ల గ్రానైటు వేయించాము. దాని మీద తెల్లని నీటి చారలు అద్దంలా కనబడుతున్నాయి. గ్రానైటుకు యాసిడ్ ఏమీ చేయదంటారు, నిజమేనా? – ఒక ఉపాధ్యాయుడు

జవాబు: నాపరాయిలా నురగ కక్కి కరగదన్నంతవరకు నిజం. అందుకని యాసిడ్ సీసా ఎత్తవలసిన అవసరం లేదు. కుళాయి మీద క్రోమియం పూత, సందుల్లో సిమెంటు, మీ గొంతు, ఇవన్నీ దానికి లొంగేవే. మీ బండ చాలా గట్టిది కాబట్టి, తడిపిన చారల మీద కొత్త బ్లేడును దాదాపు చదునుగా వాల్చి నెట్టితే పెచ్చులు లేచిపోతాయి. బండ మీద నీళ్లు ఎప్పుడూ ఉండేలా చూసుకోండి. మిగిలిన పలచని చారలకు ఒక పాలు వెనిగర్, మూడు పాళ్లు నీళ్లు కలిపి గుడ్డతో అయిదు నిమిషాలు తడిపి, వెంటనే కడిగి తుడవండి. కొన్ని నల్లరాళ్లకు అమ్మే ముందు రంగో నూనో పూస్తారు, అటువంటి రాయి ఆమ్లం తగిలితే వెలుస్తుంది. తెల్లగుడ్డతో గట్టిగా రుద్దితే నలుపు అంటుతుందేమో ముందే చూసుకోండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాము. మా స్నానాల గదిలో ముదురు రంగు రాయి ఉంది, అది ఏ జాతిదో ఇల్లు అమ్మినవారికి తెలియదు. కొబ్బరినూనె సీసా పెట్టే చోట నల్లని మచ్చ పడింది. రాతికి సీలర్ వేయిస్తే ఇక ఏ మరకా పడదని ఇక్కడివారు చెబుతున్నారు. – ఒక పాఠకురాలు

జవాబు: జాతి తెలుసుకోవడానికి కంటికి కనబడని మూలలో ఒక చుక్క నిమ్మరసం వేసి భూతద్దంతో చూడండి. చిన్న బుడగలు లేస్తే గానీ, తుడిచాక మెరుపు లేని చుక్క మిగిలితే గానీ అది సున్నపు జాతి. అప్పుడు మొదటి జవాబు మీకూ వర్తిస్తుంది.

నూనె మచ్చకు వంట సోడాలో గిన్నెలు తోమే ద్రవం, కొద్దిగా నీళ్లు కలిపి, రెండో జవాబులో చెప్పినట్లే పట్టు వేయండి. చాలా చోట్ల అసిటోన్ వాడమని రాస్తారు. అది వేగంగా పని చేస్తుంది గానీ తేలికగా అంటుకుంటుంది. మంటతో వెలిగే గ్యాస్ హీటరు దగ్గరలో ఉన్నా, గాలి ఆడని గదైనా దాని జోలికి పోకండి.

సీలర్ రాతి రంధ్రాలను నింపి నూనె, పసుపు, నీరు లోపలికి ఇంకే వేగాన్ని తగ్గిస్తుంది, మీరు తుడుచుకునే వ్యవధి ఇస్తుంది. అంతకు మించి చేయదు. నిమ్మరసమో వెనిగరో పడితే సీలర్ ఉన్న సున్నపురాయి కూడా మెరుపు కోల్పోతుంది. మీ రాతికి అది అవసరమో కాదో రాయినే అడగవచ్చు. నాలుగు నీటి చుక్కలు వేసి పది నిమిషాలు ఆగండి. తుడిచిన తరువాత అక్కడ రాయి నల్లబడి ఉంటే వేయించండి, లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి. వేయించేటట్లయితే నూనె మచ్చ పూర్తిగా పోయాక, గదిని కనీసం రెండు మూడు రోజులు వాడకుండా ఆరనిచ్చిన తరువాతే వేయించాలి. మచ్చ లోపల ఉండగా సీలర్ పడితే ఆ మచ్చ కూడా లోపలే బందీ అయిపోతుంది. కొబ్బరినూనె సీసా కింద ఒక చిన్న పింగాణీ సాసరు పెట్టుకోండి.